దెబ్బకోర్చు కండ్లద్దములు

నూర్పిళ్ల కాలమున కళ్లములో పనిచేయువారి కంట వరిగింజయో ఊకయో పడుట మనకు క్రొత్త గాదు. అట్టి గాయము చిన్నదే యైనను, బూజు సోకి పుండై చూపును హరించుట గలదు. కండ్లజోడు ధరించు రైతునకు మరియొక భయము. గడ్డపార మొననుండి లేచిన రాతిపెచ్చు గాజుటద్దమునకు తగిలినచో, ఆ గాజుపెంకులే కంట దిగును. కావున జోడులోని అద్దము దేనితో చేయబడినదో విచారించి కొనుట యవసరము.

గాజునకు బదులుగా విరివిగా వ్యాపించినది సి.ఆర్. 39 అను ప్లాస్టిక్కు. 1940 ప్రాంతమున అమెరికాలో కనుగొనబడి, యుద్ధవిమానముల పెట్రోలు తొట్లకు ఉపయోగపడి, 1947లో కండ్లద్దముగా మారినది. తూకమున గాజులో సగము. కాని గట్టి దెబ్బకు పగులును. పిదప పాలికార్బనేటు వచ్చినది. ఇది 1953లో జర్మనీయందును అమెరికాయందును వేర్వేరుగా కనుగొనబడెను. దెబ్బ నోర్చుటలో దీనికి సాటి యరుదు. అయినను త్వరగా గీతలు పడును. అంచులనుండి చూచినచో వస్తువుల చుట్టును రంగుచారలు తోచును.

ఈ లోపమును తగ్గించుటకై 2001లో ట్రైవెక్స్ అనునది కండ్లద్దముగా విక్రయమునకు వచ్చెను. సైనికులకు పారదర్శకమగు కవచము చేయవలెనను యత్నమునుండి పుట్టిన పదార్థమిది. పాలికార్బనేటును కరగించి ఒత్తిడితో అచ్చులోనికి నెట్టుదురు; అందుచే లోపల బిగువు మిగులును. ట్రైవెక్సును ద్రవముగా అచ్చున పోసి గట్టిపడనిత్తురు. రంగులు చీలకుండుటను తెలుపు ఆబే సంఖ్య పెద్దదైనకొలది మేలు: పాలికార్బనేటునకు 30, ట్రైవెక్సునకు సుమారు 44, సి.ఆర్. 39కి 58. నీటి బరువు 1 అనుకొన్నచో గాజు 2.5, సి.ఆర్. 39 1.32, పాలికార్బనేటు 1.20, ట్రైవెక్స్ 1.11.

అమెరికాలో 1972నుండి సాధారణ కండ్లద్దము సైతము 50 అంగుళముల ఎత్తునుండి పడు 5/8 అంగుళపు ఉక్కుగుండును ఓర్వవలెనను నియమము గలదు. పనివారి రక్షణజోళ్లకు పరీక్ష మరింత కఠినము: పావు అంగుళపు గుండును సెకనుకు 150 అడుగుల వేగమున కొట్టి చూతురు.

నేను ట్రైవెక్సును ఒక పంటకాలము ధరించి చూచితిని. ముక్కుమీది బరువు తగ్గినమాట నిజము. నా యద్దము పాలికార్బనేటుకంటె అంచున కొంచెము దళసరి. చూపు అధికముగా తగ్గినవారికి ఇది మరింత కనిపించును. గీతలు దీనికిని పడును. పైపంచెతో దుమ్మును తుడిచి నేనే చేజేతుల రెండు గీతలు తెచ్చుకొంటిని. ముందు నీటితో కడిగి, పిమ్మట మెత్తని గుడ్డతో తుడువవలెను.

వెలయు అధికమే. ఇంటిపట్టున చదువుకొను వృద్ధునకు సి.ఆర్. 39 చాలును. కళ్లమునను, రాతినేలలోను, సానరాతివద్దను పనిచేయువానికి తక్కిన రెంటిలో ఏదైనను కొనదగినదే. నాకు మాత్రము చూపు తేటదనముచే ట్రైవెక్సే నచ్చినది. పదార్థము కంటికి తెలియదు గనుక దాని పేరును బిల్లుపై వ్రాయించుకొనవలయును. అద్దమెంత గట్టిదైనను ప్రక్కలనుండి వచ్చు ఊక నాపజాలదు. నూర్పిడి యంత్రమువద్ద నిలుచువారు ప్రక్కతెరలు గల రక్షణజోడునే ధరింపవలెను.