తెలిసీ చెప్పకపోతే...

'తర్వాత ఏమైంది?' కథ వింటున్న ఎవరైనా అడిగే ప్రశ్న ఇది. 'ఏమైందో మాకూ తెలీదు, మీకేమైనా తెలుసా?' అని కథ చెప్పేవాళ్లే తిరిగి అడిగితే! నిజజీవిత మిస్టరీలను చూపించే టీవీ షోలు చేసేది సరిగ్గా అదే. దాదాపు అరవై ఏళ్లుగా దేశదేశాల ప్రేక్షకుల్ని టీవీ ముందు నుంచి కదలనివ్వకుండా చేస్తున్నదీ ఆ ప్రశ్నే.

1989 మే 21, ఆదివారం. అమెరికాలో ఫాక్స్ ఛానల్లో 'అమెరికాస్ మోస్ట్ వాంటెడ్' వస్తోంది. ఆరోజు చూపించిన కేసు అప్పటికి పద్దెనిమిదేళ్ల నాటిది. న్యూజెర్సీ రాష్ట్రం వెస్ట్‌ఫీల్డ్‌లో జాన్ లిస్ట్ అనే అకౌంటెంట్ 1971 నవంబరులో తల్లినీ, భార్యనూ, ముగ్గురు పిల్లల్నీ కాల్చి చంపాడు. పాలూ ఉత్తరాలూ ఇంటికి రాకుండా ముందే ఆపించి, లైట్లు వెలుగుతుండగానే ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. దాదాపు నెలరోజుల దాకా విషయం బయటపడలేదు. ఆ తర్వాత ఎంత వెతికినా మనిషి దొరకలేదు.

పోలీసుల దగ్గర ఉన్నవి పాత ఫొటోలే. అందుకే షో కోసం ఫ్రాంక్ బెండర్ అనే శిల్పి, వయసు మీదపడ్డాక లిస్ట్ ఎలా ఉంటాడో ఊహించి తల బొమ్మ తయారుచేశాడు. బట్టతల, జారిన బుగ్గలు, మందపాటి ఫ్రేము కళ్లజోడు. టీవీలో ఆ బొమ్మ చూడగానే ఒకప్పటి పొరుగువాళ్లకు 'రాబర్ట్ క్లార్క్' గుర్తొచ్చాడు. ఫోన్ వెళ్లింది. పదకొండు రోజులు తిరిగేసరికి వర్జీనియాలో ఎఫ్‌బీఐ అతణ్ని పట్టుకుంది. పేరు మార్చుకుని, మళ్లీ పెళ్లి చేసుకుని, అక్కడా అకౌంటెంటుగానే బతుకుతున్నాడు! 'నేను లిస్ట్‌ని కాదు' అని అతను ఎంత వాదించినా వేలిముద్రలు మాత్రం ఒప్పుకోలేదు.

మొదలైంది జర్మనీలో...

ప్రేక్షకుల్ని ఇలా దర్యాప్తులోకి లాగే ఆలోచనకు బాట వేసింది జర్మన్లు. 1967 అక్టోబరు 20న అప్పటి పశ్చిమ జర్మనీలో జెడ్‌డీఎఫ్ ఛానల్ 'ఆక్టెన్‌జైషన్ ఎక్స్‌వై' అనే కార్యక్రమం ప్రారంభించింది. 'కేసు నంబరు ఎక్స్‌వై' అని ఆ పేరుకు అర్థం. వ్యాఖ్యాత ఎడ్వార్డ్ జిమ్మర్‌మన్. జరిగిన నేరాన్ని నటులతో చిన్న సినిమాలా తీసి చూపించడం, స్టూడియోలో పోలీసు అధికారితో మాట్లాడించడం, తెలిసినవాళ్లు ఫోన్ చేయమని కోరడం... ఇదీ దాని పద్ధతి. ఆ కార్యక్రమం ఇప్పటికీ వస్తోంది. 1984లో బీబీసీ మొదలుపెట్టిన 'క్రైమ్‌వాచ్' 2017 దాకా నడిచింది. మన దేశంలో 1998లో జీ టీవీలో 'ఇండియాస్ మోస్ట్ వాంటెడ్', 2003లో సోనీలో 'క్రైమ్ పెట్రోల్' వచ్చాయి.

అన్నిట్లోకీ ప్రేక్షకుల గుండెల్లో గుబులు పుట్టించింది మాత్రం 'అన్‌సాల్వ్‌డ్ మిస్టరీస్'. 1987లో ఒక ప్రత్యేక కార్యక్రమంగా ఎన్‌బీసీలో వచ్చి, మరుసటి ఏడాదికి వారంవారం వచ్చే షోగా మారింది. పొడవాటి కోటు, చుట్టూ పొగమంచు, బరువైన గొంతు... వ్యాఖ్యాత రాబర్ట్ స్టాక్ తెరమీదికి రాగానే పిల్లలు దుప్పటి ముసుగేసుకునేవారట. 'ది అన్‌టచబుల్స్' సీరియల్లో ఎలియట్ నెస్‌గా పేరు తెచ్చుకున్న నటుడు కావడంతో ఆయన మాట మీద జనానికి గురి. స్టాక్ 2003లో కన్నుమూశారు. 2020లో నెట్‌ఫ్లిక్స్ అదే పేరుతో మళ్లీ తీసుకొచ్చింది, ఈసారి వ్యాఖ్యాతే లేకుండా. తాము చూపించిన కేసుల్లో 260కి పైగా తేలిపోయాయన్నది నిర్మాతల లెక్క.

బేతాళుడి ప్రశ్న

ఇంత భయపడుతూ కూడా ఎందుకు చూస్తారు? సగంలో ఆగిన పని మనసులోంచి ఓ పట్టాన పోదంటారు. హోటల్లో బిల్లు కట్టేదాకా ఏ బల్లకు ఏం తెచ్చారో సర్వర్లకు చక్కగా గుర్తుంటుంది, డబ్బు చేతికి రాగానే మరచిపోతారు. బ్లూమా జైగార్నిక్ అనే మనస్తత్వవేత్త ఈ సంగతి మీద చేసిన ప్రయోగాల్ని 1927లో ప్రచురించారు. తర్వాత చేసినవాళ్లందరికీ అవే ఫలితాలు రాలేదు కానీ, ముగింపులేని కథ మనల్ని నిద్రపోనివ్వదన్నది అందరికీ అనుభవమే.

అయితే ఒక్క ఉత్కంఠే కారణమైతే డిటెక్టివ్ నవల సరిపోయేది. ఈ షోలది బేతాళుడి పద్ధతి. కథంతా చెప్పి, ప్రశ్న వేసి, తెలిసీ చెప్పకపోతే తల వేయి చెక్కలవుతుందంటాడు బేతాళుడు. తేడా ఒక్కటే. అక్కడ జవాబు చెప్పాల్సింది విక్రమార్కుడని ముందే తెలుసు. ఇక్కడ విక్రమార్కుడు ఏ ఇంట్లో, ఏ కుర్చీలో కూర్చున్నాడో ఎవరికీ తెలీదు. 'అది నేనే కావొచ్చేమో' అన్న చిన్న ఆశే ప్రతివారినీ తెరకు కట్టిపడేస్తుంది.

గుర్తుపడితే సరే, పొరబడితే?

ఆ ఆశకు మరో వైపూ ఉంది. 'క్రైమ్‌వాచ్' వ్యాఖ్యాతల్లో ఒకరైన జిల్ డాండోని 1999 ఏప్రిల్ 26న లండన్‌లో ఆమె ఇంటి గుమ్మంలోనే కాల్చి చంపారు. ఎందరి కేసులో ప్రేక్షకుల ముందుంచిన ఆమె హత్యనే మరుసటి నెల అదే కార్యక్రమం చూపించాల్సి వచ్చింది. 2001లో ఒక వ్యక్తికి శిక్ష పడింది. 2008లో తిరిగి విచారణ జరిగి అతను నిర్దోషిగా బయటికొచ్చాడు. కేసు ఇప్పటికీ తేలలేదు.

ఫ్రాన్స్‌లోని నాంట్‌లో 2011లో జరిగిన ఒక కుటుంబ హత్యల కేసులోనూ అంతే. 2019 అక్టోబరులో నిందితుడు దొరికాడంటూ గ్లాస్గో విమానాశ్రయంలో ఒక పెద్దాయన్ని పట్టుకున్నారు. మర్నాడు డీఎన్ఏ పరీక్షలో ఆయన కాదని తేలింది. ఆలోపే ఆ వార్త ప్రపంచమంతా పాకిపోయింది. ఆ మరుసటి ఏడాది నెట్‌ఫ్లిక్స్ చూపించిన మిస్టరీల్లో ఆ కేసూ ఒకటి. అనుమానం వస్తే పోలీసులకు చెప్పడం వేరు, మనమే తీర్పు ఇచ్చేయడం వేరు.

ఎదురుచూసేవాళ్ల బాధ 'అమెరికాస్ మోస్ట్ వాంటెడ్' వ్యాఖ్యాత జాన్ వాల్ష్‌కు తెలుసు. ఆయన ఆరేళ్ల కొడుకు ఆడంను 1981లో ఫ్లోరిడాలోని ఒక షాపింగ్ మాల్ నుంచి ఎత్తుకెళ్లి చంపేశారు. ఏడేళ్ల తర్వాత ఆయన ఈ షోకు వ్యాఖ్యాతయ్యారు. లిస్ట్ లాంటివాళ్లు పట్టుబడుతూనే ఉన్నా, సొంత కొడుకు కేసును పోలీసులు ముగించింది మాత్రం 2008 డిసెంబరులో. నేరం చేసింది ఇతనేనని వాళ్లు తేల్చిన వ్యక్తి అప్పటికి పన్నెండేళ్ల కిందటే జైల్లో చనిపోయాడు.

కొన్ని ఎదురుచూపులు ఫలిస్తాయి కూడా. అమెరికాలోని ఇల్లినాయ్‌లో 2017లో కనిపించకుండా పోయిన ఒక అమ్మాయి కేసును 2022లో నెట్‌ఫ్లిక్స్ షో ప్రస్తావించింది. 2023 మేలో వేరే రాష్ట్రంలోని ఒక దుకాణంలో గుర్తుపట్టి, పోలీసులకు కబురందించారు. చూసేవాళ్లకది కాసేపటి కాలక్షేపం. ఆ ఇంటికి మాత్రం ఆరేళ్ల నిరీక్షణ. తెలిసినవాళ్లు ఒక్కరు నోరు విప్పితే చాలు, అది ముగిసిపోతుంది.