విభూతి సోమవారమా, బుధవారమా?

చందుర్తి వారికి విభూతి క్రొత్త మాట కాదు. వేములవాడ రాజన్న సన్నిధి పొరుగుననే కలదు. మహాశివరాత్రి నాటి ఉపవాసము, జాగరణ ఇంటింటి సంగతులే. ఇంచుమించు ఆ ఋతువునందే తెలుగు కథోలిక క్రైస్తవులును నుదుట బూడిద ధరించి, దానిని విభూతి యనియే వ్యవహరింతురు. ఆనాటితో వారి తపస్సు కాలము ఆరంభమగును. క్రీస్తు అరణ్యమున నలువది దినములు ఉపవసించెను గనుక, ఈస్టరుకు ముందు వారును అన్ని దినములు ఉపవాసమును, ప్రార్థనను, దానమును పాటింతురు.

అయితే ఆరంభదినము అందరికి ఒక్కటి కాదు. గోదావరికి ఈవల, వరంగల్లు పీఠాధిపతి పాలనలోని లాటిను సంప్రదాయము వారికి అది బుధవారము. నది దాటి మంచిర్యాల వైపు పోయినచో, 1999లో ఏర్పడిన ఆదిలాబాదు పీఠము కేరళ మూలముగల సీరో మలబారు సంప్రదాయమునకు చెందినది, వారికి సోమవారము. 2026లో ఈస్టరు ఏప్రిల్ 5వ తేదీ. కనుక వీరికి ఫిబ్రవరి 18, వారికి 16.

ఈ తేడా భక్తిలోనిది కాదు, లెక్కలోనిది. బుధవారము మొదలు ఈస్టరు ముందటి శనివారము వరకు 46 దినములు. ఆదివారము పునరుత్థానమును స్మరించు సంతోషదినము గనుక, ఆరు ఆదివారములు తీసివేయగా 40 మిగులును. తూర్పు సంప్రదాయములవారు ఆదివారములను విడువక నిండు వారములుగా లెక్కింతురు. అందుచే సోమవారమున మొదలిడుదురు. గ్రీకు ఆర్థడాక్సు వారు దానిని శుద్ధ సోమవారమందురు. వారికి బూడిద లేదు. ముందటి ఆదివారము సాయంకాలము ఆలయమున ఒకరినొకరు క్షమాపణ వేడుకొని ఉపవాసమునకు దిగుదురు.

లాటిను ఆలయములలో క్రిందటి యేటి మట్టల ఆదివారపు ఆకులను కాల్చి బూడిద చేయుదురు. మనుజుడు మంటివాడని జ్ఞప్తి చేయుచు గురువు దానితో నుదుట సిలువ గుర్తు వేయును.

1947లో ఆంగ్లికనులు, మెథడిస్టులు మొదలగువారు కలిసి ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘమున ఈ బుధవారము ఆరాధన జరుగును గాని, బూడిద పెట్టుట అన్ని చోట్ల లేదు. బాప్టిస్టులు, పెంతెకొస్తు వారు పలువురు ఈ దినమునే ఎంచరు. ఉపవసించువాడు ముఖము కడుగుకొని, పరులకు తెలియకుండ ఉండవలెనను మత్తయి సువార్త 6వ అధ్యాయపు బోధను కొందరు చూపుదురు. విశేషమేమనగా, లాటిను ఆలయములలో బూడిద పెట్టు నాడే ఆ అధ్యాయము చదువబడును! గుర్తు ధరించినవానికి అది గొప్ప కొరకు కాదను హెచ్చరిక అది.

కావున పొరుగువాని నుదుటను చూచి అతని ఉపవాసమును కొలువరాదు.