ఆకుపచ్చ సిరాతో పాట మధురమవుతుందా?

హైదరాబాదు పాతబస్తీ అంచునున్న జల్‌పల్లిలోనైనా, మారుమూల పల్లెలోనైనా, మంచి సౌండు సెట్టు కొనాలంటే మనవంటి కుటుంబములు నెలల తరబడి కూడబెట్టుకోవాలి. ఆ డబ్బును “ఈ వైరు వేస్తే స్వరము తేటపడుతుంది” అను మాట నమ్మి ఖర్చు చేయవచ్చునా?

1982లో జపానులో సీడీలు అమ్మకానికి వచ్చాయి. 1990 ప్రాంతములో విదేశాలలో ఒక వింత ప్రచారము బయలుదేరింది. సీడీ అంచుకు ఆకుపచ్చ సిరా పూస్తే పాట మరింత మధురముగా వినిపిస్తుందట! అందుకు ప్రత్యేకమైన పెన్నులు కూడ అమ్మారు.

నిజమేమిటి? సీడీలో ఉన్నవి అంకెలు. స్వరమును సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఆ కొలతలను సున్నలుగా, ఒకట్లుగా వ్రాస్తారు. లేజరు కిరణము వాటిని చదువుతుంది. చిన్న గీత పడినా, 1960లో రీడ్, సోలమన్ అను ఇద్దరు చూపిన గణిత పద్ధతి ఆధారముగా యంత్రమే తప్పు దిద్దుకుంటుంది. సరిగా చేరిన అంకె ఇంకా తియ్యగా చేరదు.

డిజిటల్ కేబులు సంగతీ అంతే. అది చెడితే టపటప శబ్దము వస్తుంది, లేదా పాట ఆగిపోతుంది. బంగారు పూత గాయకుని గొంతును మార్చలేదు.

మైకు వైరు వేరు. అందులో పోయేది అంకెలు కాదు గనుక, అతుకు వదులైతే గుయ్యిమంటుంది. అక్కడ మంచి వైరు అవసరమే.

కొనేముందు ఒక పరీక్ష చేద్దాము. తెర వెనుక ఒకరు రెండు కేబుళ్లు మారుస్తూ ఉండగా, శబ్దము హెచ్చుతగ్గులు లేకుండ, పదిసార్లు విని ఏది ఏదో చెప్పుదాము. మన చెవి పట్టలేని తేడాకు మన జేబు వెల కట్టనేల? ఆ డబ్బుతో మంచి స్పీకరు కొనుక్కుందాము.