గేదె దాణాకు ఒక గీత

సభ్యులకు మనవి. బందరు, గుడివాడ, దివిసీమ ఏ వైపు చూచినా, కొట్టంలోని గేదెలన్నింటికీ ఒకే కొలతతో దాణా పెట్టే వారు మనలో ఉన్నారు. తక్కువ పాలిచ్చే గేదె దగ్గర దాణా దండగవుతుంది. ఎక్కువ ఇచ్చేది చిక్కిపోయి, పాలు తగ్గిస్తుంది. ఏ గేదెకు ఎంత పెట్టాలో హైస్కూలు పిల్లలు నేర్చే సరళరేఖతో తేల్చుకోవచ్చును.

వరిగడ్డి మీద ఉండే గేదెకు ఒంటి పోషణకే రోజుకు సుమారు 2 కిలోల దాణా కావాలి. ఆపైన ప్రతి 2 లీటర్ల పాలకు 1 కిలో చొప్పున పెట్టాలి. లెక్క ఇంతే: దాణా = 2 + పాలలో సగం.

గ్రాఫు కాగితం మీద అడ్డంగా పాల లీటర్లు, నిలువుగా దాణా కిలోలు గుర్తించండి. నిలువు గీత మీద 2 దగ్గర మొదటి చుక్క పెట్టండి. దీనినే వై-అంతరఖండము అంటారు. అక్కడినుండి 2 గళ్ళు కుడికి, 1 గడి పైకి జరిగి రెండవ చుక్క పెట్టండి. ఇది వాలు. పొలానికి నీరు పెట్టే రైతుకు వాలు కొత్త మాట కాదు గదా! రెండు చుక్కలను స్కేలుతో కలిపి పొడిగించండి. 6 లీటర్ల గేదెకు 5 కిలోలు, 10 లీటర్ల గేదెకు 7 కిలోలు అని గీతే చెబుతుంది.

చూడి నిండిన నెలల్లో సుమారు ఒకటిన్నర కిలో అదనం. అప్పుడు మొదటి చుక్క మూడున్నరకు లేస్తుంది. వాలు మాత్రం మారదు. పాత గీతకు సమాంతరంగా కొత్త గీత వస్తుంది. వట్టిపోయింది గదా అని చూడి గేదెకు దాణా మానడం ఎంత పొరపాటో ఆ చుక్కే చూపుతుంది. వరి కోతల తరువాత పిల్లిపెసర, జనుము పుష్కలంగా దొరికితే మొదటి చుక్కను కొంత దించవచ్చును. సంకరజాతి ఆవుకు రెండున్నర లీటర్లకు 1 కిలో చాలు గనుక దాని గీత తక్కువ వాలుగా ఉంటుంది.

ఒక హెచ్చరిక. గీతను తిరగవేసి చదవరాదు. 7 కిలోలు పెట్టినంత మాత్రాన ప్రతి గేదె 10 లీటర్లు ఇవ్వదు. పాలను కొలిచి, దానిని బట్టి దాణా పెట్టాలి. పెంచేటప్పుడు కొద్దికొద్దిగా పెంచాలి.

ఈ కాగితాన్ని కొట్టంలో తడి తగలని చోట అంటించుకొని, వారానికొకసారి ఒక్కొక్క గేదె పాలు కొలిచి చూచుకోవలసినదిగా కోరుతున్నాము.