తవ్వకుండానే చలికాలపు కూరగాయలు: నరసన్నపేట పెరటి తోటల కోసం

వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, నేలలో తడి ఉండగానే చేలో మినుములో పెసలో చల్లేయడం మన నరసన్నపేట వైపు ఎవరికీ కొత్త కాదు. దుక్కి లేదు, గొర్రు లేదు. కోత అయ్యేసరికి మొలక కనిపిస్తుంది. మాగాణిలో మిగిలిన తడితో, రాత్రి కురిసే మంచుతో పంట చేతికొస్తుంది. ఈ కాగితంలో చెప్పేది అదే పనిని పెరట్లో చేయడం గురించి. చేలో నమ్మిన పద్ధతిని ఇంటి వెనక నమ్మడానికి ఎందుకో మనకి మనసు రాదు. గునపం పట్టుకుంటేనే తోట అనుకుంటాం.

ఇది ఎవరి కోసం?

రాష్ట్రంలో 2016 నుంచి రైతు సాధికార సంస్థ నడిపిస్తున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో పెరటి తోటలూ ఒక భాగం. ఇది మహిళా పొదుపు సంఘాల ద్వారా ఊళ్లోకి వస్తుంది కనుక, సెంటు భూమి లేని ఇంటివాళ్లు కూడా తమకి కాదనుకోనక్కర్లేదు. విత్తనాలు, శిక్షణ ఎప్పుడు ఉంటాయో మీ గ్రామ సంఘం సమావేశంలో గానీ, రైతు సేవా కేంద్రంలో గానీ అడగండి. మడి వేసుకోవడానికి మాత్రం దరఖాస్తూ అక్కర్లేదు, ఎవరి సంతకమూ అక్కర్లేదు. కిట్టు వచ్చాక చూద్దామని కూర్చుంటే కార్తీకం దాటిపోతుంది. ధనియాలు, మెంతులు ఎలాగూ పోపులపెట్టెలోనే ఉన్నాయి.

తవ్వితే ఏమవుతుంది?

మట్టిలో వానపాములు చేసిన దారులుంటాయి. పాత వేళ్లు కుళ్లిన సందులుంటాయి. కంటికి కనిపించని బూజు దారాలుంటాయి, అవి మొక్క వేరుకి దూరంగా ఉన్న పోషకాలను అందిస్తాయి. గునపం దించిన ప్రతిసారీ వీటిని తెంపుతున్నాం. లోపల నిద్రపోతున్న కలుపు గింజలని పైకి తెచ్చి వెలుతురు చూపిస్తున్నాం. తడిగా ఉన్న బంకమట్టిని తవ్వితే గడ్డలు కడుతుంది, అవి ఎండితే పలుగుకి కూడా లొంగవు. అందుకే ఎరువంతా పైన వేసి, కిందికి లాక్కుపోయే పని వానపాములకి వదిలేస్తాం.

జపాన్‌లో మసనోబు ఫుకువోకా అనే రైతు దశాబ్దాల పాటు దున్నకుండా వరి పండించారు. 1988లో ఆయనకి రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. ఇంగ్లండులో చార్లెస్ డౌడింగ్ ఇదే పద్ధతిలో ఏడాది పొడవునా కూరగాయలు తీస్తారు. అక్కడ చలికాలం అంటే నేల గడ్డకట్టే కాలం, మొక్కలకి గుడ్డలు కప్పాలి. మనకి చూడండి, చలికాలమే అసలైన కూరగాయల కాలం. మండే ఎండ ఉండదు, ముసురు ఉండదు. ఇంత మంచి కాలంలో కూడా సంతలో కొత్తిమీర కట్ట కొనుక్కుంటున్నాం.

మడి ఎలా వేయాలి?

మూడడుగుల వెడల్పు, పదడుగుల పొడవు చాలు. వెడల్పు అంతకి మించొద్దు. రెండు వైపుల నుంచి చెయ్యి అందాలి, మడిలో కాలు పెట్టే అవసరం రాకూడదు. ఒక్కసారి తొక్కితే చాలు, తవ్వకుండా దాచుకున్న గుల్లదనం పోతుంది.

గడ్డిని పీకకుండా నేలమట్టానికి కోసేయండి. బాగా తడపండి. పైన పాత అట్టపెట్టెలు పరవండి. టేపు, పిన్నులు తీసేయాలి, నిగనిగలాడే రంగుల అట్టలు వద్దు. ఒకదాని మీద ఒకటి జానెడు ఎక్కేలా పరవకపోతే ఆ సందులోంచే గరిక తల ఎత్తుతుంది. అట్టలు దొరక్కపోతే పాత గోనెలు వేయొచ్చు, నార గోనెలే సుమా, ప్లాస్టిక్ సంచులు కాదు. మళ్లీ తడిపి, పైన నాలుగు అంగుళాల మందాన మాగిన గత్తం వేయండి. పది అడుగుల మడికి ఇరవై తట్టలకి పైనే పడుతుంది. చదివి భయపడొద్దు. గత్తం తక్కువైతే మడిని అయిదడుగులకి తగ్గించండి గానీ మందం తగ్గించకండి.

గత్తం విషయంలోనే ఎక్కువమంది దెబ్బతింటారు. పచ్చి పేడ వేస్తే మొలక మాడిపోతుంది. నేను కూడా మొదటి ఏడాది తొందరపడి, సగం మాగినదాన్నే వేసి ముల్లంగి మొత్తం పోగొట్టుకున్నాను. చేత్తో పట్టుకుంటే వేడి ఉండకూడదు, పేడ వాసన రాకూడదు, పొడిపొడిగా రాలాలి. కుప్ప తీసేటప్పుడు బొద్దుగా, తెల్లగా, ముడుచుకుని ఉన్న పురుగులు కనిపిస్తే ఏరేయండి. అవి కొబ్బరి చెట్లని తినే కొమ్ము పురుగు పిల్లలు కావచ్చు. గత్తం కుప్పల్లోనే అవి పెరుగుతాయి.

ఇక పైన కప్పు. పుస్తకాల్లో వరిగడ్డి అని రాస్తారు. ఇంట్లో పశువులుంటే ఆ గడ్డి ఎంత అపురూపమో మీకు చెప్పక్కర్లేదు, దాన్ని పశువు నోటి దగ్గర నుంచి లాక్కోమని ఎవరూ చెప్పరు. కల్లంలో మిగిలిన తుక్కు, ఎండిన అరటాకులు, చెరకు ఆకు, వేరుశనగ పొట్టు, చెరువులోంచి తీసి బాగా ఎండబెట్టిన గుర్రపుడెక్క, ఏదైనా పనికొస్తుంది. నీలగిరి ఆకు వద్దు. గింజ కట్టిన వయ్యారిభామ అసలే వద్దు.

ఏం వేయాలి, ఎప్పుడు?

మన జిల్లాకి అక్టోబరు అంటే తుపాను భయం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ ఏం చేసిందో మరిచిపోయినవాళ్లు లేరు. కాబట్టి మడి అక్టోబరులోనే కట్టి పెట్టుకున్నా, విత్తనం నాగులచవితి అయ్యాక వేయడం నయం. ఎత్తుగా ఉన్న మడిలో నీరు నిలవదు గానీ, జడివానకి సన్న విత్తనాలు కొట్టుకుపోతాయి.

ముందు ఆకుకూరలతో మొదలుపెట్టండి. తోటకూర, మెంతికూర నెల తిరక్కుండానే కోతకొస్తాయి. పాలకూర విత్తనం రాత్రంతా నానబెట్టి వేయాలి. ధనియాలని చెప్పుతో నలిపి రెండు బద్దలు చేసి వేయాలి. ముల్లంగికి 40 నుంచి 45 రోజులు. పచ్చిగా తినడానికి ముల్లంగి, ఉల్లికాడలు, టమాటా, కీరా బాగుంటాయి. లెట్యూస్ అనే విదేశీ ఆకు కూడా ఈ నెలల్లో ఇక్కడ పెరుగుతుంది, సరదా ఉంటే ఒక వరుస వేసుకోండి. క్యారెట్ మాత్రం మొదటి ఏడాది వద్దు. అట్ట కింద నేల ఇంకా గట్టిగా ఉంటుంది, దుంప రెండుగా చీలిపోతుంది.

విత్తనం గత్తంలో పడాలి, కప్పు మీద కాదు. మొలక రెండంగుళాలు ఎదిగాక కప్పుని మొక్కల దగ్గరకి జరపండి. ఇంకో మాట, విత్తనం అంతా ఒకేరోజు వేయకండి. పది పదిహేను రోజులకి ఒక వరుస చొప్పున సంక్రాంతి దాకా వేస్తూ ఉంటే ప్రతి వారం ఏదో ఒక కూర ఉంటుంది. సంక్రాంతి దాటాక వేసిన కొత్తిమీర, పాలకూర ఎండ ముదిరి ఆకు కంటే ముందు పూతకొచ్చేస్తాయి.

ద్రవజీవామృతం పెరటికి సరిపడా

ఎకరానికి చెప్పే 200 లీటర్ల కొలత మనకెందుకు? ఒక బకెట్టు చాలు. పది లీటర్ల నీళ్లలో అర కిలో ఆవు పేడ, అర లీటరు ఆవు మూత్రం, 100 గ్రాముల బెల్లం, 100 గ్రాముల శనగపిండి, గట్టు మీది మట్టి చిటికెడు. నీడలో 48 గంటలు ఉంచి, రోజుకి రెండు మూడుసార్లు కలియబెట్టాలి. వారంలోగా వాడేయాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక, దీన్ని మాత్రం దాటేయకండి. ఇది పేడ, మూత్రం కలిసిన నీరు. పచ్చిగా తినే ఆకుల మీద ఎప్పుడూ చల్లకండి. ఆ వరుసలు వేరుగా పెట్టుకుని మాగిన గత్తం, మంచినీళ్లతోనే పెంచండి. మిగతావాటికి కూడా మొదట్లో నేల మీదే పోయండి. గర్భిణులు, పసిపిల్లలు ఉన్న ఇంట్లో పచ్చిగా తినేదేదైనా మూడుసార్లు ధారగా పారే నీళ్లలో కడగాలి, అనుమానం ఉంటే వండుకునే తినాలి. సహజంగా పండింది కదా అని కడగడం మానేయకూడదు.

ఏం ఎదురవుతాయి?

కోళ్లు. ఈ పద్ధతికి పురుగు కంటే పెద్ద శత్రువు పెరటి కోడే. కప్పు వేసిన గంటలో మడంతా గీరి పోస్తుంది. చుట్టూ రేగు కంపో పాత చేపల వలో కట్టకుండా విత్తనం వేయకండి.

తుంగ ఉన్న చోట అట్ట పని చేయదు, దాన్ని చీల్చుకుని వస్తుంది. వచ్చినప్పుడల్లా లాగుతూ ఉంటే కింది గడ్డ నీరసిస్తుంది గానీ ఒక్క సీజనులో పోదు. వీలైతే తుంగ లేని మూల ఎంచుకోండి. అట్టలు ఎండితే చెదలు పడతాయి కనుక తడి ఆరనివ్వొద్దు. అలాగని రోజూ బిందెలు కుమ్మరించొద్దు, నత్తలు చేరతాయి. కప్పు తీసి వేలు పెట్టి చూడండి, చల్లగా తగిలితే ఆ రోజుకి నీళ్లు అక్కర్లేదు. పుష్యంలో మబ్బు పట్టినప్పుడు చిక్కుడు కొసలకి పేనుబంక వస్తుంది. పొద్దున్నే మంచు తడి మీద జల్లెడ పట్టిన కట్టెల బూడిద చల్లండి.

ఫిబ్రవరిలో పంట అయిపోయాక ముల్లంగి లాంటి దుంపలు తప్ప దేన్నీ వేళ్లతో పీకకండి. మొదలు దగ్గర కోసేయండి, వేరు లోపలే కుళ్లి మట్టికి దారి చేస్తుంది. పైన రెండంగుళాల గత్తం కొత్తగా వేసి, కప్పు సర్ది, వెంటనే బొబ్బర్లు పెట్టండి. రెండో ఏడాది అట్టలు అక్కర్లేదు. అప్పుడు క్యారెట్ వేసి చూడండి.