మోకాలి పరీక్ష: అది చెప్పేదెంత?

మోకాలి లోపల తొడ ఎముకనూ కింది కాలి ఎముకనూ బిగించి పట్టే ముఖ్యమైన లిగమెంటు ఏసీఎల్. అది తెగి ఆపరేషన్ అయితే మళ్లీ మైదానంలోకి దిగడానికి సాధారణంగా తొమ్మిది నెలలైనా పడుతుంది. ఎవరో వచ్చి గుద్దుకుంటేనే ఇది తెగుతుందనుకుంటాం. కానీ పరుగులో ఉన్నట్టుండి మళ్లినప్పుడు, ఎగిరి ఒంటికాలిపై దిగినప్పుడు మోకాలు లోపలికి వాలి తెగే సందర్భాలే ఎక్కువ. ఒకే ఆటలో పురుషులకంటే స్త్రీలకు ఈ ముప్పు రెండు మూడు రెట్లు.

దీన్ని ముందే పసిగట్టడానికి ఒక పరీక్ష ఉంది. సుమారు 30 సెంటీమీటర్ల ఎత్తు పెట్టె మీదనుంచి దిగి, వెంటనే శక్తికొద్దీ పైకి ఎగరాలి. దిగేటప్పుడు మోకాళ్లు ఎంత లోపలికి వాలుతున్నాయో కెమెరాతో చూస్తారు.

మా జోన్ మహిళా కబడ్డీ జట్టుకు ఈ పరీక్ష చేయిస్తే నలుగురి పేర్ల పక్కన 'ప్రమాదం ఎక్కువ' అని వచ్చింది. వారిని తప్పిద్దామని కొందరన్నారు. జట్టు బాధ్యత చూస్తున్న నేను వద్దన్నాను. క్రీడల కోటాలో ఉద్యోగం తెచ్చుకున్న అమ్మాయికి జట్టులో చోటు పోవడం చిన్న విషయం కాదు.

నా అభ్యంతరం జాలితో కాదు, లెక్కతో. 2005లో అమెరికాలో వెలువడిన ప్రసిద్ధ అధ్యయనంలో 205 మంది క్రీడాకారిణులను పరీక్షించి, ఆ తర్వాత గమనించారు. తొమ్మిది మందికి ఏసీఎల్ తెగింది. మోకాలిపై పడే భారాన్నిబట్టి గీత గీస్తే వారిలో ఏడుగురు దొరికారు. బాగానే ఉంది. కానీ అదే గీత, గాయపడని 196 మందిలో సుమారు 53 మందిని కూడా ప్రమాదం జాబితాలో చేర్చింది! తర్వాత నార్వేలో 700 మందికి పైగా హ్యాండ్‌బాల్, ఫుట్‌బాల్ క్రీడాకారిణులపై జరిగిన అధ్యయనంలో గాయపడినవారి కొలతలు, పడనివారి కొలతలు కలగలిసిపోయాయి. ఎక్కడ గీత గీయాలో తేలలేదు.

మన భాషలో చెప్పాలంటే, ఏడు మొండి బాకీలను పట్టుకోవడానికి యాభై మూడు మంచి ఖాతాదారులకు అప్పు నిరాకరించినట్టు.

అలాగని పరీక్ష దండగ కాదు. ఎవరు ఎలా దిగుతున్నారో, ఏం సరిదిద్దుకోవాలో చూపిస్తుంది. ఆ సరిదిద్దే సాధన మాత్రం అందరికీ కావాలి. ఫిఫా 11+ వంటి వార్మప్‌కు ఇరవై నిమిషాలు చాలు: పరుగు, తొడ కండరాలకు బలం, ఒంటికాలిపై నిలకడ, మోకాలు పాదానికి సూటిగా ఉంచి మెత్తగా దిగడం. ఇలాంటి సాధన క్రమంగా చేసే క్రీడాకారిణుల్లో ఏసీఎల్ గాయాలు దాదాపు సగానికి తగ్గుతాయని అధ్యయనాలు చెబుతున్నాయి.

మీ పిల్లలు ఆటలాడుతుంటే కోచ్‌ను ఒక్క మాట అడగండి: వారానికి కనీసం రెండుసార్లు ఈ వార్మప్ చేయిస్తున్నారా? ఆటలో మోకాలు 'టప్'మని, గంటల్లోనే వాస్తే మాత్రం నూనె మర్దనతో సరిపెట్టకండి, ఎముకల వైద్యుడికి చూపించండి.