అప్పు లేని పెళ్ళికి ఆకు పందిరే అందం

లేసు తోరణాలు, బంతి భోజనాలు, ఇంటి పాటలు: తక్కువ ఖర్చు పెళ్ళికి డెల్టాలోనే దారులున్నాయి

నరసాపురం: ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు కట్టడానికి చేసిన అప్పుకు కనీసం ఇల్లయినా మిగులుతుంది. పెళ్ళికి చేసిన అప్పుకు మిగిలేవి ఒక ఫొటోల ఆల్బం, ఒక వడ్డీ లెక్క. సార్వా పంట చూపి కొంత, దాళ్వా పంట చూపి మరికొంత అప్పు తెచ్చి పందిరి వేసే కౌలు రైతులు, రోజు కూలీలు, వేటకు వెళ్ళే మత్స్యకార కుటుంబాలు ఈ ప్రాంతంలో ఎందరో ఉన్నారు.

వారి లెక్క ఒకసారి కాగితం మీద వేసి చూస్తే సంగతి బోధపడుతుంది. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ చొప్పున మూడు లక్షలు తెస్తే నెలకు 6,000 రూపాయలు, ఏడాదికి 72,000 రూపాయలు వడ్డీకే పోతాయి. అయిదేళ్ళు అసలు కదలకపోతే కట్టిన వడ్డీయే 3,60,000 రూపాయలు. అంటే అసలును మించిపోయింది, అసలు మాత్రం అలాగే ఉంది. పెళ్ళికూతురికి పుట్టిన బిడ్డ బడికి వెళ్ళే నాటికి కూడా అమ్మమ్మా తాతయ్యా ఆ పెళ్ళి అప్పే తీరుస్తూ ఉంటారన్నమాట.

2022 సంక్రాంతికి నరసాపురంలో ఒక ఇంటివారు కాబోయే అల్లుడికి 365 రకాల వంటకాలతో విందు చేశారన్న వార్త దేశమంతా తిరిగింది. కలిగినవారి ముచ్చట వారిది, దాన్ని తప్పు పట్టవలసిన పని లేదు. అది చూసి లేనివారు కూడా మనం పాతిక రకాలైనా పెట్టకపోతే నలుగురూ ఏమనుకుంటారని బెంగపడటంలోనే చిక్కంతా ఉంది. ఆ నలుగురూ తిని వెళ్ళిపోతారు. ఆ తరువాత వచ్చేవాడు అప్పిచ్చినవాడే.

ముందు లెక్క, తరువాత లగ్నం

ముహూర్తం పెట్టుకున్నాక డబ్బు వెతుక్కోవడం మన అలవాటు. దీన్ని తిరగవేయాలి. రెండు వైపుల పెద్దలూ కూర్చుని ఒక నోటు పుస్తకంలో మొదటి పేజీ మీద అప్పు లేకుండా చేతిలో ఉన్న సొమ్ము ఎంతో రాసుకోవాలి. తరువాత నాలుగు పేజీలు చాలు: భోజనాలు ఒకటి, బట్టలు బంగారం ఒకటి, పందిరి వాయిద్యాలు ఒకటి, రాకపోకలు చిల్లర ఖర్చులు ఒకటి. ఒక పేజీలో పెరిగితే మరో పేజీలో తగ్గించాలి తప్ప మొదటి పేజీలోని అంకె మారకూడదు.

అన్నిటికన్నా పెద్ద పేజీ భోజనాలదే. విస్తరికి 200 రూపాయలు పడుతుందనుకుంటే 500 మందికి లక్ష రూపాయలు. పిలుపులు 800కు పెరిగితే 1,60,000 రూపాయలు. కనుక వంటకాల పట్టీ కంటే ముందు పిలుపుల పట్టీ రాసుకోవడం మేలు. ఏటికి ఒకసారైనా మన గడప తొక్కేవారు, మన కష్టంలో నిలిచినవారు ఒక పట్టీ. ఎప్పుడో మనల్ని పిలిచారు గనుక పిలవవలసినవారు రెండో పట్టీ. మొదటి పట్టీవారిని పెళ్ళికి పిలిచి, రెండో పట్టీవారికి తరువాత ఒక రోజు ఇంటి దగ్గర తాంబూలం ఇచ్చినా మర్యాద లోపించదు.

శుభలేఖల విషయంలోనూ అంతే. బొట్టు పెట్టి, అక్షింతలు చేతిలో పెట్టి నోటితో పిలిచిన పిలుపుకు ఏ అచ్చు కార్డూ సాటిరాదు. దేవుడి దగ్గర పెట్టడానికి, దగ్గర బంధువులకు ఒక యాభై అచ్చు వేయించుకుని నాలుగు మూలలా పసుపు రాసి ఇస్తే సరిపోతుంది. దూరాన ఉన్నవారికి పెళ్ళికూతురో పెళ్ళికొడుకో తన చేతిరాతతో శుభలేఖ రాసి ఫోనులో పంపితే దాచుకునేవారు కూడా ఉంటారు.

పందిరి సామగ్రి పెరట్లోనే

ప్లాస్టిక్ పూలు, గుడ్డ తెరలు, విద్యుద్దీపాల తోరణాలు అద్దెకు తెచ్చి ఒక్క పూట వెలిగించి పంపేయడం ఇప్పటి పద్ధతి. కొబ్బరాకు, తాటాకు, అరటి బోదెలు, మామిడాకు కొదవలేని నేల మీద ఉంటూ ఇలా అద్దెలు కట్టడం ఆశ్చర్యమే. కొబ్బరాకులతో చిలకలు, బుట్టలు అల్లగలిగిన పెద్దవారు ఇంకా పల్లెల్లో ఉన్నారు. పెళ్ళికి రెండు రోజుల ముందు వారిని కూర్చోబెట్టి, చుట్టూ పిల్లలను చేర్చితే మండపానికి మండపమూ తయారవుతుంది, విద్యకు విద్యా నిలుస్తుంది. బంతి, చామంతి కావలసినవారు కడియపులంక పూల మార్కెట్టు నుంచి నలుగురు కలిసి ఒకే బండిలో తెప్పించుకుంటే కిరాయి కలిసివస్తుంది.

పగటి ముహూర్తం కుదిరితే దీపాల ఖర్చు, జనరేటరు ఖర్చు సగానికి సగం తగ్గుతాయి. ఒకే రోజున పది పెళ్ళిళ్ళుండే గట్టి ముహూర్తాన్ని వదిలి కొంచెం ఒత్తిడి తక్కువ ఉన్న రోజు చెప్పమని పురోహితుణ్ణి అడిగితే వంటవారు, వాయిద్యగాళ్ళు, బండ్లు కూడా బేరానికి దొరుకుతాయి.

లేసుతో పెళ్ళి కళ

నరసాపురం పేరు చెబితే లోకానికి గుర్తొచ్చేది లేసు అల్లిక. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు ఇక్కడి ఆడవారికి నేర్పిన ఈ పని సముద్రాలు దాటి వెళ్ళింది. 2024లో దీనికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. అయితే ఇక్కడి లేసు విదేశాల్లో బల్లల మీద పరుచుకుంటున్నా, ఇక్కడి పెళ్ళి పందిట్లో మాత్రం కనబడడం అరుదు.

దీనిని మార్చుకోవచ్చు. పెళ్ళిపీటల వెనుక కట్టే తెరకు, అడ్డుతెర అంచుకు, కొబ్బరిబోండం పట్టే గుడ్డకు, తాంబూలం సంచులకు లేసు వాడితే ఖర్చు అదుపులో ఉంటుంది, అందం ఊరిదవుతుంది. అమ్మ పెళ్ళినాటి చీర పెట్టె అడుగున ఉంటే దాని చిరిగిన అంచు తీసి లేసు కుట్టించి కూతురు కట్టుకోవచ్చు. కొత్త పట్టుచీర కొన్న ఖర్చులో కొద్ది భాగమే దీనికవుతుంది. పైగా ఆ చీరలో అమ్మ ఉంటుంది. పెళ్ళయ్యాక ఆ తెర కిటికీకి, ఆ గుడ్డ దేవుడి బల్లకు పనికివస్తాయి గనుక ఏదీ వృథా పోదు.

ఇక్కడ ఒక సంగతి మరువరాదు. ఇంట్లో కూర్చుని అల్లే ఆడవారికి చేరే కూలి ఎంత స్వల్పమో జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ 1982లో వెలువడిన తన పుస్తకంలో లోకానికి చెప్పింది. మధ్యవారి చేతులు ఎన్ని ఉంటే అల్లినవారికి అంత తక్కువ మిగులుతుంది. కనుక పెళ్ళివారు రెండు మూడు నెలల ముందే నేరుగా అల్లేవారికే పని చెప్పి, వారు అడిగిన కూలి బేరమాడకుండా ఇస్తే ఒక పెళ్ళి ఖర్చు మరో ఇంటి పొయ్యి వెలిగిస్తుంది. ఆ ఇంట్లోనూ పెళ్ళీడు పిల్ల ఉండవచ్చు.

బంతిలో వడ్డన, విస్తట్లో పొదుపు

నిలబడి తినే భోజనాల్లో ఎవరికి వారు వడ్డించుకుని సగం పారవేయడం అందరూ చూస్తున్నదే. అరటాకు వేసి బంతిలో కూర్చోబెట్టి అడిగి వడ్డిస్తే పారవేత తగ్గుతుంది, తిన్నవారికి తృప్తి ఉంటుంది. వడ్డనకు ఊళ్ళో కుర్రవాళ్ళు ఇరవై మంది నడుం కడితే కూలి ఖర్చు కూడా ఉండదు. అన్నమంతా ఒకేసారి వండకుండా వాయిలుగా వండించాలి. మొదటి బంతి లేచాక మిగిలిన జనాన్ని చూసుకుని తరువాతి వాయి పొయ్యి మీద పెట్టాలి.

వంటకాలు ఎన్ని అన్నది కాదు, ఏవి అన్నది ముఖ్యం. కంద బచ్చలి, పనసపొట్టు కూర, ముద్దపప్పు, ఆవకాయ, గుమ్మడికాయ పులుసు, పులిహోర, పూర్ణం బూరెలు, గడ్డపెరుగు. గోదావరి జిల్లాల పెళ్ళి భోజనానికి పేరు తెచ్చినవి ఇవే. వీటిలో చాలా వరకు మన పెరట్లో, మన సంతలో దొరికే సరుకే. ఎక్కడి నుంచో వచ్చిన వంటకాలు పది చేర్చడం కంటే బూరెలో నెయ్యి ధారాళంగా పోస్తే పదేళ్ళు చెప్పుకుంటారు. వడ్డించకుండా మిగిలిన పదార్థాలను పాడుకాకముందే దగ్గరలోని వసతి గృహానికో అనాథాశ్రమానికో పంపే ఏర్పాటు ముందుగానే చేసుకోవాలి.

వాయిద్యాల సంగతికి వస్తే, గుండెలదిరే డీజే పెట్టెల అద్దెతో సన్నాయి, డోలు మేళం రెండు పూటలా వాయిస్తుంది. నలుగు పాటలు, బంతులాట పాటలు, అప్పగింతల పాటలు నోటికి వచ్చిన బామ్మలు ప్రతి ఊళ్ళోనూ ఒకరిద్దరు మిగిలి ఉన్నారు. వారిని పెళ్ళికి పది రోజుల ముందే పిలిచి పిల్లలకు నేర్పించి, పాడుతుండగా ఫోనులో రికార్డు చేసి ఉంచుకుంటే అంతకు మించిన పెళ్ళి కానుక ఉండదు.

గుడిలో, మసీదులో, చర్చిలో

ఇంటి పందిరి కూడా భారమనుకునేవారికి దేవుడి సన్నిధి ఉంది. పంటు మీద వశిష్ఠ దాటి సఖినేటిపల్లి మీదుగా వెళితే అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి. ఏటా మాఘ శుద్ధ దశమి రాత్రి స్వామివారి కల్యాణం జరిగే ఆ క్షేత్రంలో పెళ్ళి చేసుకునేవారున్నారు. ద్వారకా తిరుమల, అన్నవరం కొండల మీద జరిగే పెళ్ళిళ్ళు చెప్పనక్కరలేదు. అన్నవరంలో పెళ్ళయినవారు అక్కడే సత్యనారాయణ వ్రతం కూడా చేసుకుంటే ఇంటి దగ్గర మరో విందు తప్పుతుంది. తిరుమలలో 2016లో ప్రారంభమైన కల్యాణ వేదికలో పురోహితుణ్ణి, మంగళవాద్యాలను, పసుపు కుంకుమలను, కంకణాలను దేవస్థానమే ఉచితంగా సమకూర్చే ఏర్పాటు చేసింది. ముస్లిం సోదరులు మసీదులో నికాహ్ జరిపించి దగ్గరివారికే వలీమా పెట్టడం, క్రైస్తవులు ఆదివారం ఆరాధనకు వచ్చే సంఘం మధ్యనే ప్రమాణాలు చేసి తేనీటి విందుతో ముగించడం కూడా ఇదే దారి.

నిరాడంబరపు పెళ్ళి మన నేలకు కొత్తది కాదు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు ఊళ్ళో చాలామంది ముఖం చాటేశారు. అయినా పెళ్ళి ఆగలేదు. త్రిపురనేని రామస్వామి చౌదరి పెళ్ళి తంతు అందరికీ అర్థమయ్యేలా తెలుగులోనే ఉండాలని వివాహ విధి రచించాడు. నాస్తికవాది గోరా తన కుమార్తె మనోరమ కులాంతర వివాహాన్ని 1948లో గాంధీజీ సేవాగ్రాం ఆశ్రమంలో జరిపించాడు. ఆ పెళ్ళిళ్ళను లోకం గుర్తుపెట్టుకున్నది భోజనాల వల్ల కాదు.

చట్టం ఏమంటుంది?

పెళ్ళి చెల్లడానికి విందు అక్కరలేదు. 1955 నాటి హిందూ వివాహ చట్టం ప్రకారం ఇరువైపుల వారిలో ఎవరి ఆచారం ప్రకారమైనా తంతు జరిగితే చాలు. ఆ తంతులో సప్తపది ఉంటే ఏడో అడుగుతో పెళ్ళి పూర్తయినట్టే. పెళ్ళి అంటే ఆటపాటలకు, తినడానికి తాగడానికి, కట్నాలు మార్చుకోవడానికి వేదిక కాదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. అదే తీర్పులో, తంతు జరగకుండా సర్టిఫికెట్ ఒక్కటీ తెచ్చుకున్నా హిందూ వివాహం కాదని కూడా స్పష్టం చేసింది. దండల పెళ్ళి చేసుకునేవారు 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద 30 రోజుల ముందు నోటీసు ఇచ్చి, ముగ్గురు సాక్షులతో వివాహాధికారి ఎదుట చేసుకుంటే తరువాత చిక్కులుండవు. ఎలా చేసుకున్నా నమోదు చేయించుకోవడం మరువరాదు. వధువుకు 18, వరునికి 21 ఏళ్ళు నిండాలి.

కట్నం సంగతి వేరే చెప్పాలి. పందిరిలో పదివేలు మిగిల్చి కట్నంలో పది లక్షలు ఇస్తే పొదుపు మాట హాస్యమే అవుతుంది. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం పుచ్చుకోవడమే కాదు, ఇవ్వడం కూడా నేరమే. దానికి శిక్ష సాధారణంగా అయిదేళ్ళకు తగ్గదు. ఎవరూ అడగకుండా ప్రేమతో ఇచ్చిన కానుకలకు మాత్రం పట్టీ రాసి ఉంచుకోవాలని 1985 నిబంధనలు చెబుతున్నాయి. చదివింపుల పుస్తకం రాసే అలవాటు మనకు ఉండనే ఉంది. ఆ పక్కనే ఈ పట్టీ కూడా రాసి సంతకాలు పెడితే పిల్లకు రక్షణ.

మిగిలిన సొమ్ము పిల్ల పేరున

పెళ్ళి సాయానికి ప్రభుత్వ పథకాలు వస్తుంటాయి, పోతుంటాయి. 2018లో చంద్రన్న పెళ్ళికానుక, 2022లో వైఎస్సార్ కల్యాణమస్తు వచ్చాయి. రెండోదానికి వధూవరులిద్దరూ పదో తరగతి పాస్ కావాలన్న షరతు ఉండేది. ఏ సాయమైనా ముందుగా సచివాలయంలో అడిగి తెలుసుకోవాలే గాని, రాబోయే సొమ్మును నమ్ముకుని ఖర్చు పెంచుకోరాదు.

ఆడపిల్ల ఇంకా చిన్నదైతే దారి మరింత సులువు. 2015లో వచ్చిన సుకన్య సమృద్ధి ఖాతాను పాపకు పదేళ్ళు నిండకముందే పోస్టాఫీసులో తెరవవచ్చు. ఏడాదికి కనీసం 250 రూపాయలు కట్టినా ఖాతా నిలుస్తుంది. 18 ఏళ్ళు నిండాక చదువుకు కొంత తీసుకోవచ్చు, పెళ్ళికి ఖాతా ముగించి మొత్తం తీసుకోవచ్చు.

2025లో పది గ్రాముల బంగారం లక్ష రూపాయలు దాటింది. మంగళసూత్రాలకు ఎంత కావాలో అంతే కొని, మిగిలింది పిల్ల పేరున బ్యాంకులో వేస్తే అది ఆమె చేతిలో ఉండే సొమ్ము. కుట్టుమిషనో, పాడిగేదో, ఆగిపోయిన చదువో దానితో మొదలు పెట్టుకోవచ్చు. అత్తవారింట అడుగుపెట్టే పిల్లకు వెనుక అప్పులపాలైన తల్లిదండ్రులు లేరన్న ధైర్యానికి మించిన సారె లేదు. వచ్చే మాఘంలో పందిరి వేయదలచినవారు ఆ నోటు పుస్తకం ఈ దీపావళికే తెరిస్తే మంచిది.